రెండో సున్నా

దెయ్యం మాట ఎత్తగానే పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నాకు వాదన లేదు. ఈ సంగతి పూర్తిగా విని, ఇంటికి వెళ్ళి, మీకు కావలసిన వాళ్ళకి ఫోన్ చేయండి. అరనిమిషం ఇద్దరూ నోరు మూసుకుని లైన్లో ఉండండి. ఉండగలిగితే ఇదంతా కట్టుకథ అనుకోండి. ఉండలేకపోతే మాత్రం రేపు నా ముందుకొచ్చి పెద్ద మాటలు మాట్లాడకండి.

టోన్ మాస్టారు అంటే ఫోన్ల పని చేసేవాళ్ళలో తెలియనివాడు లేడు. రిసీవర్ ఎత్తి టోన్ వింటే చాలు, తీగ ఏ గోడలో ఎన్నో ఇటుక వెనక తెగిందో చెప్పేసేవాడు. ఒకసారి ఏడంతస్తుల భవనంలో కింది మెట్టు మీద కూర్చుని, చేతిలో టీ చల్లారేలోగా, ఐదో అంతస్తులో ఎలుక కొరికిందన్నాడు. ఆ ఎలుకకి ముందు పన్ను ఒకటి విరిగి ఉంటుందని కూడా అన్నాడు. వెళ్ళి చూస్తే తీగ తెగి ఉంది, పక్కనే ఎలుక చచ్చి ఉంది. పన్ను సంగతి చూసేంత ఓపిక ఎవరికీ లేకపోయింది కాబట్టి ఆ మాట కూడా నిజమే అయింది.

తీగల కాలం పోయి ఇంటర్నెట్ ఫోన్ల కాలం వచ్చినా ఆయన పొగరు వీసమెత్తు తగ్గలేదు. లోకంలో మనుషులు రెండు రకాలని ఆయన లెక్క. ఒక రకం టోన్ మాస్టారు. రెండో రకం మిగతా దద్దమ్మలు.

నీటి పంపులు అమ్మే కంపెనీ ఒకటి ఉంది. హెడ్డాఫీసు ఒకచోట, ఫ్యాక్టరీ ఊరి చివర, గోడౌన్ ఇంకో చివర, షోరూము బజారులో. అన్నిటికీ ఇంటర్నెట్ ఫోన్లు పెట్టింది మాస్టారే. హెడ్డాఫీసులో ఆపరేటర్ బల్ల దగ్గర కూర్చునేది ఆయన సొంత వదిన. అన్న పోయి పదేళ్ళయింది. ఆ ఉద్యోగం మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఆవిడకి అదే తిండి, అదే అద్దె, అదే పలకరింపు.

ఆ కంపెనీలో కాల్స్ మాట్లాడుతుండగా తెగిపోవడం మొదలైంది. అప్పుడప్పుడూ కాదు, రోజుకి ఎనిమిది, తొమ్మిది.

కంపెనీకి ఒక ఐటీ మేనేజర్ ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు పట్టీ, చేతిలో ట్యాబూ. ఏది చెడినా ఆపి మళ్ళీ ఆన్ చేయడం ఒక్కటే ఆయనకి వచ్చిన విద్య. నాలుగు ఆఫీసుల్లోనూ అన్నీ ఆపాడు, అన్నీ ఆన్ చేశాడు, కాల్స్ తెగుతూనే ఉన్నాయి. ఇంటర్నెట్ కంపెనీ వాడిని పిలిపిస్తే, ‘మా వైపు అంతా బాగానే ఉందండీ’ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క వాక్యం కోసమే వాడికి జీతం ఇస్తారని మాస్టారి అభిప్రాయం.

చివరికి మాస్టారు వచ్చాడు. వచ్చినవాడు ముందు అందరినీ సర్వర్ గదిలోంచి బయటికి పంపాడు. అజ్ఞానం ఊపిరి తగిలితే మెషిన్లు వేడెక్కుతాయట.

“కాల్ సరిగ్గా అరనిమిషానికి తెగితే ఒక జబ్బు. పావుగంటకి తెగితే ఇంకో జబ్బు,” అన్నాడు తలుపు బయట నిలబడ్డ మేనేజర్ కోసం గట్టిగా. “ఇక్కడ ఒక కాల్ రెండు నిమిషాలకి, ఒకటి తొమ్మిదికి, ఒకటి ఇరవై ఒకటికి. దీనికి లెక్క లేదు. లెక్క లేదంటే ఇది మెషిన్ పని కాదు. మనిషి పని.”

ప్రతి కాల్‌నీ ఎవరు పెట్టేశారో సర్వర్ రాసుకుంటుంది. మాస్టారు ఆ రాత చదివాడు. తెగిన ప్రతి కాల్‌కీ ‘ఇక కట్ చెయ్’ అన్న ఆజ్ఞ ఒకే నంబర్ నుంచి వచ్చింది. సున్నా. అంటే ఆపరేటర్. ఆ ఒక్క ఫోన్‌కే ఎవరి కాల్‌లోకైనా చప్పుడు లేకుండా దూరి వినే అధికారం ఉంది, కట్ చేసే అధికారమూ ఉంది.

ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. మాస్టారు నేరుగా యజమాని గదికి వెళ్ళి, “మీ ఆపరేటరే కట్ చేస్తోందండీ,” అన్నాడు.

“ఆవిడ మీ వదిన కదా.”

“పనిలోకి దిగాక నాకు చుట్టాలుండరు.”

ఆ మాట తనకే ఎంత నచ్చిందంటే ఇంటికి వెళ్ళేదాకా నాలుగుసార్లు మనసులో అనుకున్నాడు. యజమాని మాత్రం ఒక్కసారే విన్నాడు. మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆవిడ చేతికి ఇవ్వడానికి, ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం టైపు చేయించాడు.

మర్నాడు మధ్యాహ్నం, మాస్టారు సర్వర్ గదిలో బిల్లు రాసుకుంటుంటే వదిన వచ్చింది. చేతిలో అట్ట వేసిన రిజిస్టరు. ఏడవలేదు. ఏడిస్తే మాస్టారికి కాస్త సులువుగా ఉండేది.

“మరిదీ, కళ్ళజోడు పెట్టుకో.”

“వదినా, పనిలో ఉన్నాను.”

“నేను ఆరింటిదాకే పనిలో ఉంటాను. చూడు. గురువారం నేను కంటి డాక్టరు దగ్గర ఉన్నాను. నా బల్లకి తాళం. ఆ రోజు తొమ్మిది కాల్స్ తెగాయి. వేలు ఇక్కడ వదిలేసి వెళ్ళానంటావా?”

మాస్టారు రిజిస్టరు వంక చూశాడు. తేదీ, టైము, ఎవరు ఎవరితో. గుండ్రటి అక్షరాలు.

“ఇంకోటి,” అంది వదిన. “షోరూములో ఆ సేల్స్ వాగుడుకాయ ఉన్నాడే, రోజుకి నలభై కాల్స్ మాట్లాడతాడు. వాడిది ఒక్కటీ తెగలేదు. ఎప్పుడూ తెగేది గోడౌన్ స్టోర్‌కీపర్‌ది. ఆయన మాటకీ మాటకీ మధ్య భోంచేసి వస్తాడు.”

“మీరూ ఇంజనీరైపోయారన్నమాట.”

“నాకు ఇంజనీరింగ్ రాదు. వినడం వచ్చు. నువ్వు ఇన్నేళ్ళూ మాట్లాడావు, నేను ఇన్నేళ్ళూ విన్నాను. అంతే తేడా.”

ఆవిడ నోరు మూయించాలనే మాస్టారు రికార్డింగులు పెట్టాడు. కంపెనీలో ప్రతి కాల్ రికార్డవుతుంది, ఎవడూ వినడు. మొదటిది గోడౌన్ నుంచి ఫ్యాక్టరీకి. “ఉండండి, బిల్లు చూసి చెప్తా,” అన్నాడు స్టోర్‌కీపర్. అవతలివాడు ఊరుకున్నాడు. ఇద్దరూ మౌనం. ఒకటి... రెండు... మూడు. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. కాల్ తెగింది.

రెండోది. మూడోది. పదకొండోది. అన్నీ అంతే. ఎవరో కాగితం వెతుక్కుంటూనో, లెక్క వేసుకుంటూనో ఆగుతారు. ఇద్దరూ ఆగిన చోట మూడో ఊపిరి. వెంటనే తెగిపోతుంది.

“ఫ్యాను చప్పుడు,” అన్నాడు మాస్టారు.

వదిన పన్నెండోది పెట్టమంది. పెట్టాడు. ఊపిరి తర్వాత చిన్న చప్పుడు, తడిగా, గొంతులో.

“ఫ్యాను గుటక వేస్తుందా మరిదీ?”

మాస్టారు ఫ్యాను మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన జీవితంలో అది రెండోసారి. మొదటిసారి పెళ్ళిచూపుల్లో.

చచ్చినట్టు సర్వర్ ముందు కూర్చుని, ముందురోజు చేయాల్సిన పని అప్పుడు చేశాడు. సున్నా నంబరు ఏ ఫోన్‌లో ఉందో అడిగాడు. సర్వర్ రెండు చోట్లు చూపించింది. ఒకటి వదిన బల్ల. రెండోది పాత బ్రాంచి.

పాత బ్రాంచి మూసేసి రెండేళ్ళయింది. ఫ్యాక్టరీ లైను ఆ భవనంలో ఉన్న ఇంటర్నెట్ పెట్టె గుండా వెళ్తుంది కాబట్టి అక్కడ కరెంటు మాత్రం తీయలేదు. ఆ బ్రాంచికి ఫోన్లు పెట్టిన రోజు మాస్టారికి గుర్తొచ్చింది. ఒక ఫోన్‌కి సెట్టింగులన్నీ సరిచేసి, అవే మిగతా వాటన్నిటికీ అతికించి, ఆ తర్వాత నంబర్లు మార్చడం ఆయన పద్ధతి. ‘ఒకటి చేస్తాను, వంద అతికిస్తాను’ అని గొప్పగా చెప్పుకునేవాడు. అక్కడ అతికించింది ఆపరేటర్ ఫోన్‌ని. చివరి ఫోన్‌కి నంబర్ మార్చడం మర్చిపోయాడు. అధికారాలతో సహా ఇంకో సున్నా అక్కడ ఉండిపోయింది.

ఫోన్ ఉంటే ఉంది. దాన్ని నొక్కేదెవరు?

వదినకి ఇదేమీ చెప్పలేదు. “బయటికెళ్ళొస్తాను,” అన్నాడంతే.

“ఆరింటికి ఉత్తరం ఇస్తారు.”

“ఐదున్నరకే ఫోన్ చేస్తాను. బల్ల దగ్గరే ఉండండి.”

పాత బ్రాంచికి చేరేసరికి ఐదు దాటింది. బయట ఎండ పుష్కలంగా ఉంది. గేటు పక్క రేకుల గదిలో ఒక ముసలి వాచ్‌మన్. నడుముకి దిండంత తాళాల గుత్తి. చుట్టుపక్కల అందరూ ఆయన్ని తాళాల తాత అంటారు.

“పైకి ఎవరైనా వెళ్తుంటారా తాతా?”

“ఎవరెళ్తారు బాబూ. తాళం తీసి రెండేళ్ళు. తుప్పు పట్టి ఉంటుంది, కాస్త ఓపిక పట్టు.”

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి మొదటి అంతస్తు షట్టర్ తీశాడు. లోపలికి రానన్నాడు. మెట్ల మీదే చతికిలబడ్డాడు.

కిటికీలకి గోధుమరంగు కాగితం అంటించి ఉంది. దానిలోంచి వచ్చిన ఎండ పాత టీ రంగులో నేల మీద పరుచుకుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు. తడిసి ఆరిన అట్టపెట్టెల వాసన. ఎక్కడో ఇంటర్నెట్ పెట్టె సన్నగా రొద చేస్తోంది. మాస్టారు ముక్కు ఎగబీల్చాడు. అట్టపెట్టెల వాసన కింద ఇంకోటి ఉంది. మూసిన గదిలో రాత్రంతా పడుకున్న మనిషి నోటి వాసన.

“ఎవడో తాగుబోతు చేరాడు,” అన్నాడు పైకే. అలా అనుకుంటే హాయిగా ఉంది.

చివరి గదిలో ఒక బల్ల. దాని మీద ఫోన్. బల్ల ముందు ఒక కుర్చీ. మిగతా కుర్చీల్లా పేర్చకుండా, కూర్చోవడానికి వేసినట్టుగా ఉంది. నేల నిండా వేలి మందం దుమ్ము. ఆ దుమ్ములో మాస్టారి అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు. ఫోన్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఎవరి కాల్‌నో వింటున్నప్పుడు వెలిగే దీపం అది.

మాస్టారు రిసీవర్ ఎత్తాడు.

వెచ్చగా ఉంది. గంటసేపు ఎవరో చెవికి అదిమి పట్టుకున్నంత వెచ్చగా. మాట్లాడే వైపు చిల్లులు చెమ్మగా ఉన్నాయి.

చెవికి పెట్టుకున్నాడు. గోడౌన్ స్టోర్‌కీపర్ గొంతు. ఫ్యాక్టరీ గుమాస్తా గొంతు. ఏవో నట్ల గురించి, బోల్టుల గురించి. ఈ దద్దమ్మలకి ఇంత చిన్న పనికి ఇంతసేపా అనుకున్నాడు మాస్టారు. అంత భయంలోనూ ఆ మాట అనుకోగలిగినవాడు ఇంకొకడు పుట్టలేదు.

“ఉండండి, చూసి చెప్తా,” అన్నాడు స్టోర్‌కీపర్.

మౌనం.

ఒకటి...

రెండు...

మూడు...

ఊపిరి.

రిసీవర్ ఉన్న చెవిలో కాదు. రెండో చెవి పక్కన.

మాస్టారు కదల్లేదు. మెడ మీద వెంట్రుకలు కదిలాయి. ఆ గదిలో గాలి లేదు. కళ్ళు మాత్రం కిందికి తిప్పాడు. ఫోన్ మీద కట్ చేసే బటన్ మెల్లగా లోపలికి దిగింది. ఏ వేలూ కనపడలేదు. కాల్ తెగింది. ఎర్ర దీపం ఆరింది. రెండో చెవి పక్కన చిన్న గుటక... దొరికిపోతానేమో అనుకుని గండం గడిచినవాళ్ళు వేసే గుటక.

మాస్టారికి అప్పుడు అర్థమైంది. కాల్స్ కట్ చేయడం దానికి సరదా కాదు. మాటలు ఆగితే తన ఊపిరి వినపడుతుందని కట్ చేస్తోంది.

వెనక్కి తిరిగి చూశాడా అని అడక్కండి. చూడలేదు. చూడకుండానే తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. గోడలోంచి ప్లగ్గుతో పాటు గుప్పెడు సిమెంటు ఊడి వచ్చింది. ఫోన్ చంకలో పెట్టుకుని, వెలుతురు ఉన్న వైపు, నడిచాడనే చెప్పాడు మాతో.

షట్టర్ దాటి ఎండ మొహాన పడగానే పాత మాస్టారు తిరిగొచ్చాడు.

“తాతా, గేటు దగ్గర నీ గదిలో కంపెనీ ఫోనుంది కదా. కిందికెళ్ళి సున్నా నొక్కు. మా వదిన ఎత్తుతుంది. ఏమీ మాట్లాడకు. నిమిషం పాటు చెవిన పెట్టుకుని ఊరికే ఉండు.”

“మాట్లాడకపోతే ఫోనెందుకు బాబూ?”

“పరీక్ష. నీకర్థం కాదులే, వెళ్ళు.”

ముసలాయన దిగడం మొదలుపెట్టాడు. మాస్టారు మెట్ల పైనే కూర్చుని సెల్‌లోంచి వదిన బల్లకి ఇంకో లైనులో ఫోన్ చేసి ఇదే చెప్పాడు. ఆరుకి పది నిమిషాలు తక్కువ. చెప్పి పెట్టేసి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ చేశాడు.

“తెగలేదు మరిదీ,” అంది వదిన. ఆవిడ గొంతు వణకడం ఆయన అప్పుడే విన్నాడు. “నిమిషం పైనే ఉన్నాం ఇద్దరం. చీమ చిటుక్కుమనలేదు.”

“యజమానికి కలపండి.”

కలిపింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “ఆపరేటర్ తప్పు లేదండీ. తప్పు నాది. నేను అతికించిన ఫోన్ ఒకటి మర్చిపోయాను.” ఆ పది మాటలకి నాలుక మీద బొబ్బ లేచిందని తర్వాత మాకు చూపించాడు కూడా. అవతల కాగితం చింపిన చప్పుడు వినపడింది.

మళ్ళీ వదిన లైన్లోకి వచ్చింది. “ఇక ఇంటికి బయల్దేరతాను. ఆ వాచ్‌మన్ మంచివాడు మరిదీ. నిమిషం అయ్యాక, ఇంత పొద్దుపోయాక ఒక్కదానివే వెళ్తావా అమ్మా, ఇల్లెక్కడ అని అడిగాడు. ఏ వీధో, ఎన్నో అంతస్తో చెప్పాను. పాపం, గొంతు బాగా పూడుకుపోయింది ఆయనకి.”

మాస్టారు ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. తాళాల తాత తన గది బయట నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని.

“బాగా చేశావు తాతా.”

“ఏం చేశాను బాబూ? నేను దిగేసరికే రిసీవర్ దించి ఉంది. ఎవరో మాట్లాడుకుంటున్నారు కదా అని ముట్టుకోలేదు. అయ్యాక చేద్దామని నిలబడ్డాను.”

“గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

మాస్టారు వదిన బల్లకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. ఆవిడ బయల్దేరిపోయింది. సెల్ వాడదు. ‘రోజంతా చెవిన మోసేదాన్ని, మళ్ళీ సంచిలో కూడా మోయాలా’ అంటుంది. ఇంట్లో ఒక ల్యాండ్‌లైన్ ఉంది. ఇల్లు చేరడానికి ఆవిడకి ఎలాగూ ముప్పావుగంట పడుతుంది, ఎవరూ ఎత్తరని తెలుసు. అయినా చేశాడు.

ఒక్క రింగుకే ఎత్తారు.

ఎవరూ పలకలేదు.

ఒకటి...

అప్పుడు మాస్టారు మాట్లాడటం మొదలుపెట్టాడు. మాటలు ఆగితే కట్ అవుతుంది. కట్ అయితే అది ఫోన్ దగ్గర ఉండదు. ఫోన్ దగ్గర లేకపోతే ఎక్కడుంటుందో ఆయనకి తెలుసుకోవాలని లేదు. పనిముట్ల వ్యాన్‌లో తాళాల తాతని పక్కన కూర్చోబెట్టుకుని, సెల్ స్పీకర్లో పెట్టి, ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి వ్యాన్ తోలుతూ ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు. చేసిన ఘనకార్యాలు చెప్పాడు. చేయనివి అంతకు రెట్టింపు చెప్పాడు. మంత్రుల ఫోన్లు బాగుచేశానన్నాడు, సముద్రం అడుగున తీగ అతికించానన్నాడు. దారి పొడుగునా వదిన కోసం చూశాడు, కనపడలేదు. అవతల చప్పుడు లేదు. కానీ వింటున్నారు. ఎవరైనా వింటున్నప్పుడు మాస్టారికి తెలుస్తుంది.

మూడో అంతస్తుకి ఎక్కారు. వదిన తన గుమ్మం ఎదురుగా, మెట్టు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. మెట్లెక్కి వస్తున్న మాస్టారిని చూసి ఆవిడ మొహంలో రంగు పోయింది.

“నువ్వు ఇక్కడున్నావా,” అంది గుసగుసగా. “మరి లోపల మాట్లాడేదెవరు?”

తలుపుకి బయట తాళం వేలాడుతోంది. లోపలి నుంచి మాస్టారి గొంతు వినపడుతోంది, సముద్రం అడుగున తీగ అతికించిన సంగతి. సెల్‌లో ఆయన అంటున్నది కాదు. దారిలో ఎప్పుడో అన్నది. గొంతు మాత్రం ఆయనదే, అదే డాబు, అదే సాగదీత.

మాస్టారు సెల్‌లో మాట్లాడుతూనే వదిన చెయ్యి పట్టుకుని లేపాడు. ముగ్గురూ తలుపు వైపు మొహాలు పెట్టుకుని వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగారు. మొదటి మలుపు దగ్గర మాస్టారి గొంతు ఎండిపోయింది. పెదవులు ఆడాయి, మాట రాలేదు. జీవితంలో మొదటిసారి ఆయన దగ్గర మాటలు అయిపోయాయి.

లోపలి గొంతు కూడా ఆగింది.

ఒకటి... రెండు... మూడు...

లోపల రిసీవర్ పెట్టేసిన చప్పుడు. తర్వాత మెల్లగా, లోపలి వైపు గడియ తీస్తున్న చప్పుడు.

ఆ ఇంటికి వదిన మళ్ళీ వెళ్ళలేదు. ఆ రాత్రి నుంచి మాస్టారి ఇంట్లోనే ఉంటోంది, కంపెనీలో అదే బల్ల దగ్గర పని చేస్తోంది. అక్కడ కాల్స్ తెగడం లేదు.

ఇప్పుడు పెదవి విరవండి. నేను చెప్పింది మీకు ఆనదు, మాస్టారు చెబితే కోతలంటారు. సరే. తాళాల తాతని అడగండి. ఆయన ఇప్పటివరకు ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఆడేంత తెలివీ లేదు. ఆ తలుపుకి బయట వేసి ఉన్న తాళం ఎలాంటిదో, ఎన్ని లీవర్లదో అన్నీ చెబుతాడు. అది లోపలి నుంచి తెరుచుకునే తాళం కాదనీ చెబుతాడు. మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్ళి చూసేసరికి అది తెరిచి, గుమ్మం పక్కన పదిలంగా పెట్టి ఉందట.